5.56 వదిలి మళ్లీ పెద్ద తూటా వైపు ఎందుకు?

సైనిక రైఫిళ్ల గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 1970లలో సోవియట్ సైన్యం 7.62×39 తూటా (బుల్లెట్ వ్యాసం × కేసు పొడవు, మిల్లీమీటర్లలో) నుంచి ఏకే-74 రైఫిల్‌తో 5.45×39కి దిగింది. అమెరికా అప్పటికే 5.56×45 బాట పట్టింది, 1980లో నాటో కూడా దాన్నే ప్రమాణంగా తీసుకుంది. తూటా చిన్నదైతే కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నడం తక్కువ, సైనికుడు ఎక్కువ మోయగలడు. ఇంతవరకు అర్థమైంది.

మరి 2022లో అమెరికా సైన్యం 6.8×51 ఎందుకు ఎంచుకుంది? 5.56 వాడే ఎం4 రైఫిల్ మ్యాగజైన్‌లో 30 తూటాలుంటే, 6.8 వాడే కొత్త రైఫిల్‌కి 20 మాత్రమే. పైగా రైఫిలూ బరువే. శత్రువు బాడీ ఆర్మర్‌ని (శరీర కవచాన్ని) ఛేదించడానికి, ఎక్కువ దూరం కొట్టడానికి అంటారు కానీ, ఆ కారణాలు ఒక్కటే నాకు సరిపోవడం లేదు. భారత సైన్యం 5.56 ఇన్సాస్ రైఫిల్ స్థానంలో ఏకే-203 తెస్తూ 7.62×39 తీసుకుంటోంది, ఇది ఇంకో చిక్కు! చైనాది మళ్లీ సొంత 5.8×42.

ఇంకొకటి. 7.62×39లో కేసు కాకుండా ఎగిరే బుల్లెట్ ఒక్కటే దాదాపు 8 గ్రాములు, వేగం సెకనుకు 715 మీటర్ల దగ్గర. 5.56 బుల్లెట్ దాదాపు 4 గ్రాములే, కానీ 900 దాటుతుంది. వీటిని పోల్చేటప్పుడు బ్యారెల్ నుంచి బయటికొచ్చేటప్పటి శక్తి చూడాలా, 300 మీటర్ల దగ్గర మిగిలేది చూడాలా? బ్యారెల్ పొడవు తేడాని ఎలా సర్దుకుంటారు?