ప్లౌ లేన్: సొంత గ్రౌండ్ కోసం ఒక చిన్న క్లబ్బు ఇంత అప్పు మొయ్యాలా?

తూటింగ్_తెలుగోడు

వింబుల్డన్ అనగానే మనవాళ్ళకు టెన్నిస్ గుర్తొస్తుంది, లేదంటే ఎఫ్రా రోడ్డులోని గణపతి గుడి. నేను మాట్లాడాలనుకున్నది ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు గురించి, దాని గ్రౌండ్ ప్లౌ లేన్ గురించి. మొన్న ఆఫీసులో ఒకాయన అన్నాడు: "తొమ్మిది వేల మంది పట్టే స్టేడియానికి 3 కోట్ల పౌండ్ల పైన ఖర్చు, అందులో కొంత అభిమానుల దగ్గరే అప్పు. ఇదేం పని?" అప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. పాత వింబుల్డన్ ఎఫ్‌సీ 1988లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించి ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. మూడేళ్ళు తిరిగేసరికి సొంత గ్రౌండ్ వదిలేసింది. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట విషాదం తర్వాత వచ్చిన టేలర్ నివేదిక, పై డివిజన్ల గ్రౌండ్లలో నిలబడి చూసే స్టాండ్లు తీసేసి అందరికీ సీట్లు వెయ్యాలంది. పాత ప్లౌ లేన్‌ను అలా మార్చడం కుదరదని 1991లో క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ళ సెల్‌హర్స్ట్ పార్క్‌లో అద్దెకు దిగారు. ఒకప్పటి ఓనర్ శామ్ హమ్మామ్ 1998లో ఆ గ్రౌండ్‌ను సేఫ్‌వే అనే సూపర్‌మార్కెట్ కంపెనీకి అమ్మేశాడు. ఇల్లు లేని క్లబ్బును తరలించడం ఎంతసేపు? 2002 మే 28న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1 ఓట్లతో, తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కు వెళ్ళడానికి ఒప్పేసుకుంది.

ఇందులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే సంగతి ఒకటుంది. ఆ పాత స్థలం కాగితాల్లో ఒక షరతు ఉండేది. క్లబ్బు స్థలం వదులుకోవాల్సి వస్తే కౌన్సిల్ చాలా తక్కువ ధరకు తీసుకోవచ్చని. అంటే ఆ స్థలాన్ని అమ్ముకుని ఎవరూ లాభపడలేరు. ఆ షరతును డబ్బు కట్టి తీయించారు. నా లెక్కలో క్లబ్బు చచ్చిపోయింది 2002లో కాదు, ఆ షరతు తీసేసిన రోజునే.

అభిమానులు కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్బు పెట్టారు. వింబుల్డన్ కామన్ మైదానంలో ఎవరైనా వచ్చి ఆడి చూపించండని ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళను ఎంచుకున్నారు. ఎక్కడో కింది లీగ్‌లో మొదలుపెట్టి తొమ్మిదేళ్ళలో, 2011లో, ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. 2020 నవంబర్ 3న పాత గ్రౌండ్‌కు కూతవేటు దూరంలో కొత్త ప్లౌ లేన్‌లో మొదటి మ్యాచ్ ఆడారు, డాంకాస్టర్ మీద 2-2. కరోనా వల్ల లోపల ఒక్క అభిమాని కూడా లేడు. అయినా ఆ అప్పు తప్పు కాదంటాను. మీరేమంటారు?

లెక్కలు_ముఖ్యం

కథ కదిలించేదే, కాదనను. నా పని లెక్కలు చూడటం కాబట్టి అవే చెప్తాను.

2019 చివరికి కట్టడం మొదలైపోయింది, డబ్బు మాత్రం దాదాపు 1.1 కోట్ల పౌండ్లు తక్కువ పడింది. బయటివాళ్ళు పెట్టుబడి పెడతామన్నారు, బదులుగా క్లబ్బులో వాటా అడిగారు. క్లబ్బును నడిపే అభిమానుల సంఘం డాన్స్ ట్రస్ట్‌లో ఒక సభ్యుడికి ఒక ఓటు. ఆ పట్టు పోతుందని భయపడి అభిమానులే ప్లౌ లేన్ బాండ్ పెట్టారు. వడ్డీ 4 శాతం దాకా ఎవరికి నచ్చినంత వాళ్ళు ఎంచుకోవచ్చు, అసలు వద్దనుకోవచ్చు కూడా. గడువు 5 ఏళ్ళ నుంచి 20 ఏళ్ళు. కొద్ది వారాల్లో 50 లక్షల పౌండ్ల పైన వచ్చింది. మనుషుల ప్రేమ గొప్పదే. కానీ అది చందా కాదండీ, బాకీ. తిరిగి కట్టాలి.

ఎక్కడి నుంచి కడతారు? 24 జట్ల లీగ్‌లో సొంత గ్రౌండ్‌లో ఆడేది ఏడాదికి 23 మ్యాచ్‌లు. కప్పు మ్యాచ్‌లు కలిపినా ముప్పై దాటడం కష్టం. మిగతా రోజుల్లో గడ్డికి నీళ్ళు పెట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, సెక్యూరిటీకి జీతాలివ్వాలి. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ హాలు అద్దెకిచ్చుకుని కొంత రాబడతారు. దాని మీద ఆటగాళ్ళ జీతాలు. 2022లో జట్టు నాలుగో డివిజన్‌కు పడిపోయింది. రాబడి తగ్గింది, బాకీ తగ్గలేదు. ఇల్లు కట్టి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మైనారిటీ వాటా ఇచ్చి ఒక పెద్ద ఇన్వెస్టర్‌ను తెచ్చుకుంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

వాండిల్_ఒడ్డు

మీ ఇద్దరూ క్లబ్బు వైపు నుంచే చూస్తున్నారు. నేను ఆ ఏరియాలో పదేళ్ళుగా అద్దెకుంటున్న మనిషిని, స్థలం వైపు నుంచి చెప్తాను.

కొత్త ప్లౌ లేన్ కట్టిన స్థలం అంతకుముందు కుక్కల పరుగు పందేల స్టేడియం. 2017 మార్చిలో ఆఖరి పందెం అయింది. ఆ పందేల మీద నాకు ఇష్టం లేదు, కానీ అక్కడా తరతరాలుగా వచ్చే జనం ఉండేవారు. వాళ్ళ గ్రౌండ్ పోయింది, దాని గురించి ఎవరూ బ్యానర్ పట్టుకోలేదు. దాని బదులు వచ్చింది స్టేడియం ఒక్కటే కాదు, చుట్టూ ఆరు వందల పైచిలుకు ఫ్లాట్లు. మొదటి ప్లాన్‌లో మామూలు జీతాలవాళ్ళకు అందే ఇళ్ళు పదో వంతు కూడా లేవు. స్టేడియం ఖర్చు నెత్తిన ఉంది కాబట్టి అంతకన్నా ఇవ్వలేమన్నది వాదన. అంటే స్టేడియం ఖర్చులో కొంత భాగం నాలాంటి అద్దెవాళ్ళు ఇళ్ళ రూపంలో కట్టినట్టే కదా?

2015 డిసెంబర్‌లో మా ఏరియా మెర్టన్ కౌన్సిల్ ఈ ప్లాన్‌కు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. పక్కనున్న వాండ్స్‌వర్త్ కౌన్సిల్ అభ్యంతరం చెప్పింది. అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ 2016లో ఫైలు తన దగ్గరికి తెప్పించుకున్నాడు, తర్వాత వచ్చిన సాదిక్ ఖాన్ మెర్టన్‌కే తిప్పి పంపేశాడు.

ఇంకొకటి. అది వాండిల్ నది పక్కన పల్లపు నేల, వరద ముప్పు ఉందని కాగితాల మీదే ఉంది. 2024 సెప్టెంబర్‌లో కుండపోత వానకు నది పొంగి గ్రౌండ్ మునిగింది, గడ్డి కింద నేల కుంగి గొయ్యి పడింది. న్యూకాజిల్‌తో కప్పు మ్యాచ్‌ను వాళ్ళ ఊరికే మార్చాల్సి వచ్చింది. ఇలాంటి చోట కట్టినదానికి ప్రతి ఏడాదీ భయపడాల్సిందే.

తూటింగ్_తెలుగోడు

వాండిల్_ఒడ్డు గారూ, ఇళ్ళ మాట నిజం. దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. కానీ లండన్‌లో ఒక చిన్న క్లబ్బు స్థలం కొని, తన డబ్బుతో స్టేడియం కట్టడం అయ్యే పని కాదు. మన దగ్గర స్థలం డెవలప్‌మెంట్‌కు ఇస్తాం చూడండి, బిల్డర్ ఫ్లాట్లు వేసుకుంటాడు, ఓనర్‌కు తన వాటా వస్తుంది. ఇక్కడ దాదాపు అదే పద్ధతి, కాకపోతే క్లబ్బు చేతిలో స్థలం లేదు. బిల్డర్‌కు ఫ్లాట్ల అనుమతి కావాలి, కౌన్సిల్‌కు అక్కడ క్రీడ మిగలాలి, క్లబ్బుకు గ్రౌండ్ కావాలి. ముగ్గురి అవసరాలూ కలిసిన చోట స్టేడియం లేచింది. మిల్టన్ కీన్స్‌లో కూడా ఇంతే, అక్కడ ముప్పై వేల సీట్ల స్టేడియం వెనక అస్డా, ఐకియా దుకాణాలున్నాయి.

లెక్కలు_ముఖ్యం గారూ, గ్రౌండ్ లేకపోతే అయ్యే ఖర్చు కూడా వెయ్యండి. బ్రైటన్ వాళ్ళ గోల్డ్‌స్టోన్ గ్రౌండ్‌ను 1995లో అమ్మేశారు, 1997లో ఖాళీ చేశారు. రెండేళ్ళు గిల్లింగ్‌హమ్ వెళ్ళి ఆడారు, వాళ్ళ ఊరి నుంచి వంద కిలోమీటర్ల పైమాట. తర్వాత పన్నెండేళ్ళు పరుగు ట్రాక్ ఉన్న విత్‌డీన్‌లో ఆడారు. అన్నేళ్ళు స్టేడియానికి రాలేక దూరమైన పిల్లలను ఏ కాలమ్‌లో రాస్తారు?

కింగ్‌స్టన్_బస్సు

తూటింగ్ అన్నా, మీరు ఒక పేరు ఎత్తలేదు. కింగ్‌స్టోనియన్.

వింబుల్డన్ వాళ్ళు ప్లౌ లేన్‌కు రాకముందు ఆడిన కింగ్స్‌మెడో ఎవరిది? కింగ్‌స్టోనియన్ క్లబ్బు 1989లో కట్టుకున్న గ్రౌండ్. ఆ క్లబ్బు డబ్బుల్లేక దివాళా అంచుకు వచ్చింది, గ్రౌండ్ వేరేవాళ్ళ చేతికి పోయింది, 2003లో వాళ్ళ దగ్గర వింబుల్డన్ కొనుక్కుంది. కింగ్‌స్టోనియన్ తన గ్రౌండ్‌లో తానే అద్దెకుంది. ఆ తర్వాత ప్లౌ లేన్‌కు డబ్బు కావాలని వింబుల్డన్ ఆ గ్రౌండ్‌ను చెల్సీకి అమ్మింది. 2017లో కింగ్‌స్టోనియన్ సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఇంకొకరి గ్రౌండ్లలోనే ఆడుతోంది.

గ్రౌండ్ పోతే ఎలా ఉంటుందో దేశంలో అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ పని చేశారు. అప్పు ఎంతన్నది తర్వాత సంగతి, నాకు ఈ ముల్లు పోదు.

కాచిగూడ_కిక్

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. ప్లౌ లేన్ నేను చూడలేదు, కానీ ఈ బాధ తెలుసు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. 2025లో ఓనర్లు దాన్ని ఢిల్లీకి తీసుకెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. ఇక్కడ ఆడింది గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో, అది ప్రభుత్వానిది. క్లబ్బుకు ఈ ఊళ్ళో ఒక గజం నేల లేదు, అభిమానులకు ఒక ఓటు లేదు. వెళ్ళేటప్పుడు ఆపేది ఏముంది?

ఇన్వెస్టర్ ఉంటే టెన్షన్ ఉండదన్నారు పైన. మాకు ఇన్వెస్టరే ఉన్నాడు సార్. మా నాన్న నన్ను మొదటిసారి గచ్చిబౌలికి తీసుకెళ్ళిన టికెట్ ఇంకా దాచుకున్నాను. ఇప్పుడు ఆ జట్టు ఆట చూడాలంటే ఢిల్లీ రైలెక్కాలి.

లెక్కలు_ముఖ్యం

కాచిగూడ తమ్ముడూ, నీ మాటకు నా దగ్గర కాలమ్ లేదు, ఒప్పుకుంటాను. ఓనర్ మంచివాడే కావచ్చు, అతని తర్వాత వచ్చేవాడు ఎలాంటివాడో ఏ అగ్రిమెంటూ చెప్పదు.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఐదేళ్ళ గడువు పెట్టుకున్నవాళ్ళ బాండ్లకు 2025లో టైమ్ అయింది. పదేళ్ళవి 2030లో వస్తాయి. చాలామంది తిరిగి అందులోనే ఉంచుతామంటారు, కొందరికి నిజంగా అవసరం పడుతుంది, ఎవరికో ఆపరేషన్, ఎవరికో పిల్ల కాలేజీ. అభిమాని దగ్గర అప్పు తీసుకుంటే అడగడానికి అతనికే మొహమాటం. బ్యాంకుకు ఆ మొహమాటం ఉండదు కాబట్టి క్లబ్బు భయపడి క్రమంగా కడుతుంది. ప్రతి ఏడాదీ కొంత పక్కన పెట్టే నియమం ఉండాలి. ఆటగాడిని కొనడం కన్నా ముందు ఆ వాయిదా.

తూటింగ్_తెలుగోడు

ఆ నియమానికి నా ఓటు. 2025 మేలో వెంబ్లీలో వాల్సాల్‌ను 1-0తో ఓడించి జట్టు మళ్ళీ మూడో డివిజన్‌కు వచ్చింది, కాస్త ఊపిరి ఆడే సమయం ఇదే.

వాండిల్_ఒడ్డు గారూ, ఆ వరద తర్వాత జనం వేసుకున్న చందాలు లక్ష పౌండ్లు దాటాయి, న్యూకాజిల్ క్లబ్బు కూడా 15 వేలు ఇచ్చింది. గ్రౌండ్ తమదైతే జనం ఎలా కదులుతారో అక్కడ తెలిసింది. కానీ చందాలతో వరద ఆగదు, కాలువల సంగతి కౌన్సిల్‌నూ క్లబ్బునూ కలిపి అడగాలి. మీరు వస్తానంటే నేనూ వస్తాను.

కింగ్‌స్టన్_బస్సు తమ్ముడూ, రెండు రోజులు ఆలోచించాను. వింబుల్డన్ తరఫున వాదించడానికి మాటలు వెతికాను, చట్టప్రకారం కొన్నది, చట్టప్రకారం అమ్మింది, ఇలాంటివి. హమ్మామ్ కూడా 1998లో చట్టప్రకారమే అమ్మాడు. కింగ్‌స్టోనియన్ విషయంలో మాది తప్పే. మొన్న శనివారం వింబుల్డన్ మ్యాచ్ లేదు, కింగ్‌స్టోనియన్ ఎక్కడ ఆడుతుందో కనుక్కుని మా అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. వచ్చే వారం మళ్ళీ వెళ్తున్నాం, వస్తావా?