చేతులు జోడించిన సామంతుడి చెక్క అచ్చు బొమ్మ: కింద ఏం రాయాలి?

ప్రశ్న (కడప): బడి ప్రదర్శనకు యూరప్ మధ్యయుగపు బొమ్మ (చెక్క దిమ్మె మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసింది) పెడుతున్నాం. ‘12వ శతాబ్దం, పాలెగాడు రాయలకు దండం పెట్టినట్టు’ అని రాయొచ్చా అన్నా? బొమ్మలో తెల్ల చుక్కలేంటి?

జవాబు (కర్నూలు): దండం అనొద్దు సార్. చేతుల దగ్గర బాగా చూడండి: సామంతుడి జోడించిన చేతుల్ని ప్రభువు తన రెండు అరచేతుల మధ్య పట్టుకుంటాడు. ‘నేను నీ మనిషిని’ అని ఒప్పుకోవడం అది. అందుకే టోపీ తీసి, కత్తి విప్పి, మోకరిల్లుతాడు. ఆ తర్వాతే సువార్త గ్రంథం మీదో, పునీతుల అస్థికల మీదో ప్రమాణం. భూమి తీసుకుని సైన్యం పంపడంలో మన విజయనగర కాలపు అమరనాయకులతో పోల్చొచ్చు, ఈ సైగలో మాత్రం కాదు.

జవాబు (అనంతపురం): చుక్కలు గుండ్రంగా ఉంటే పురుగు తొలిచిన రంధ్రాలే. చెక్కలో ఉబ్బెత్తుగా మిగిల్చిన గీతకే సిరా అంటుతుంది, రంధ్రం పడినచోట తెల్లగా వస్తుంది. అంటే దిమ్మె పాతబడ్డాక తీసిన ప్రతి. చెక్కినదానికి కాగితం మీద కుడిఎడమలు తారుమారవుతాయి, కాబట్టి ఎవరు ఏ పక్కనున్నారన్నదాన్ని బట్టి అర్థం తీయొద్దు. ‘12వ శతాబ్దం’ తీసేయండి. ఆచారం అంత పాతదే గానీ, యూరప్‌లో కాగితం మీద ఇలాంటి అచ్చులు 1400 ప్రాంతంలోనే మొదలయ్యాయి.

ప్రశ్న అడిగినవారు: రెండూ మార్చేస్తా అన్నా. చేతుల భాగాన్ని పెద్దది చేసి పక్కనే పెడతా.