పని మొదలుకాకముందే అడ్వాన్సు ఎందుకు అడుగుతారు?

ప్రశ్న

మా ఇంట్లో జరగబోయే వేడుకకు ఫోటోగ్రాఫరు కోసం వెతుకుతున్నాను. మాట్లాడిన ముగ్గురూ సొంతంగా పనిచేసుకునేవారే. ముగ్గురూ మొత్తంలో సగం దాకా ముందే చెల్లించాలని, వేడుక రద్దయితే ఆ సొమ్ము తిరిగి రాదని చెప్పారు. వస్తువు చేతికందాక డబ్బు ఇచ్చే అలవాటున్న నాకు, ఒక్క ఫోటో కూడా తీయకముందే అంత సొమ్ము ఇవ్వడానికి మనసొప్పడం లేదు. ఇది నా మీద అపనమ్మకమా, లేక ఆ వృత్తిలో ఉన్న పద్ధతేనా? ఇవ్వక తప్పకపోతే ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలి?

సమాధానం 1

నేను చాలా ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. ఆ సొమ్ముతో మీరు మొదట దక్కించుకునేది తేదీని. ఈరోజు అమ్ముడుపోని సరుకును దుకాణదారు రేపు అమ్ముకుంటాడు గాని, గడిచిపోయిన రోజును ఎవరూ అమ్ముకోలేరు. మీ పేరు డైరీలో రాసుకున్నది మొదలు, ఆ రోజు కోసం ఫోన్ చేసిన ప్రతివారికీ ఖాళీ లేదని చెప్పి వేరొకరి నంబరు ఇస్తాను. అడ్వాన్సు తీసుకోని రోజుల్లో ఒకసారి, వేడుకకు నాలుగు రోజుల ముందు, "మా బంధువులబ్బాయి తీస్తానన్నాడు, మీరు రానక్కర్లేదండీ" అని సందేశం వచ్చింది. అప్పటికే ఆ తేదీకి అడిగిన ఇద్దరిని వదులుకున్నాను. సహాయకుడికి మాట ఇచ్చాను, లెన్సుకు అద్దె కట్టాను. ఆ ఖర్చంతా నా మీదే పడింది.

సమాధానం 2

తేదీతో ముడిపడని పనుల్లో కారణం వేరు. నేను డిజైనర్ని. క్లయింటు డబ్బు ఆలస్యం చేసినా సంస్థలో ఉద్యోగికి నెల జీతం అందుతుంది, ఒంటరిగా పనిచేసేవారికి ఆ అండ లేదు. పనంతా ముగిశాకే డబ్బంటే, అన్నాళ్లూ మేము క్లయింటుకు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. బాకీ ఎగ్గొడితే కోర్టుకు వెళ్లవచ్చు గాని, చిన్న మొత్తమైతే లాయరు ఫీజు, తిరుగుడు ఖర్చులు ఆ బాకీనే మించిపోవచ్చు. కొలతకు చేసే పనుల్లో కష్టం ఇంకా ఎక్కువ. ఒక కిటికీ కొలతకు కోసిన చెక్క మరో కిటికీకి సరిపోదు, ఒకరి పేరుతో గీసిన లోగో మరొకరికి పనికిరాదు. అందుకే ఇది మీ ఒక్కరి మీద అపనమ్మకం అనుకోకండి, కొత్తవారు ఎవరు వచ్చినా అడుగుతాం.

సమాధానం 3

పై ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ నేను రెండోవైపు దెబ్బతిన్నదాన్ని. ఇంటి మరమ్మతుకు అడ్వాన్సు తీసుకున్న వ్యక్తి వారం తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు, నా దగ్గర రశీదు కూడా లేదు. అడ్వాన్సు అడగడాన్ని నేను తప్పుపట్టను, రాతకోతలు లేకుండా అడగడాన్ని తప్పుపడతాను. డిపాజిట్టు అనగానే మనం తిరిగి వస్తుందనుకుంటాం, అవతలివారు అదే మాటను తిరిగి ఇవ్వని బయానా అన్న అర్థంలో వాడుతూ ఉండవచ్చు. కాబట్టి ఆ సొమ్ము తుది బిల్లులో తగ్గుతుందా, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుంది, తేదీ మారితే ఏమవుతుంది అన్నవి రాయించుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయనే రాలేకపోతే ఏమిటన్నది అడగండి. మీరు రద్దు చేస్తే ఏమవుతుందో వివరంగా రాసి, ఆయనకు జ్వరం వస్తే ఏం చేస్తారో రాయని ఒప్పందం మీద సంతకం పెట్టకండి. మొత్తం సొమ్ము ముందే ఇమ్మంటే మరొకరిని చూసుకోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ఫోన్ చేసి ఆ చివరి ప్రశ్నే అడిగాను. ఇద్దరు "అలా ఎప్పుడూ జరగదండీ" అని దాటవేశారు. మూడో ఆయన, తాను రాలేకపోతే మా అంగీకారంతో మరొకరిని పంపుతానని, లేదా అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తానని అప్పటికప్పుడే రాసి పంపారు. ఆయనకే రేపు సొమ్ము పంపుతున్నాను.