చిన్న సర్వర్‌కు డాకరా, పాడ్‌మనా?

కర్నూలు మండీ: యార్డులో మాది ఉల్లిగడ్డల కమీషన్ మండీ. తూకం పట్టీలు, రైతుల బాకీలు చూసే ప్రోగ్రాంను ఉబుంటు 24.04 (లినక్స్) సర్వర్‌లో కంటైనర్‌గా, అంటే కావలసినవన్నీ ఒకే డబ్బాలో కట్టినట్టు, పెట్టాల. కంటైనర్లు నడిపేదానికి డాకర్ వద్దు, పాడ్‌మన్ పెట్టమంటున్నాడు మా బావమరిది. కరెంటు పోయొస్తే దానంతటదే లేవాల. ఏది పెట్టమంటారన్నా?

అనంత అడ్మిన్: డాకరే పెట్టు తమ్ముడూ. ఎక్కడ ఇరుక్కున్నా వెతికితే జవాబు దొరుకుతుంది. స్నాప్‌లో (ఉబుంటు సొంత ప్యాకేజీ పద్ధతి) వచ్చేది మాత్రం వద్దు. డాకర్ వాళ్ల ఆప్ట్ రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) చేర్చుకుని డాకర్-సీఈ, కంపోజ్ ప్లగిన్ (కంటైనర్ల సెట్టింగులన్నీ ఒక ఫైలులో రాసుకునేది) వేసుకో. ఆ ఫైలులో రీస్టార్ట్ దగ్గర 'అన్‌లెస్-స్టాప్డ్' అని రాయి, కరెంటు సంగతి తీరిపోతుంది.

కడప లినక్స్: నేనొప్పుకోనన్నా. డాకర్ డీమన్ (వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రాం) రూట్‌గా, అంటే సర్వర్ మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. ప్రతిసారీ సుడో (రూట్ అధికారం అడిగే కమాండ్) కొట్టలేక జనం యూజర్‌ను డాకర్ గ్రూపులో చేర్చేస్తారు. ఆ గ్రూపులో ఉన్నవాడు సర్వర్ డిస్కు మొత్తాన్ని ఒక కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుని పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లుండే షాడో ఫైలు కూడా చదవగలడు. బిల్లులు కొట్టే పిల్లోడికి రూట్ పాస్‌వర్డ్ ఇచ్చినట్టే. డాకర్ డాక్యుమెంటేషన్‌లోనే ఈ హెచ్చరిక ఉంది.

ఫైర్‌వాల్ ఇంకా ఘోరం. యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్) డేటాబేస్ పోర్టు 5432 మూసేశాం కదా అని ధైర్యంగా ఉంటారు. కంపోజ్ ఫైలులో 5432:5432 అని ఉంటే డాకర్ ఐపీటేబుల్స్‌లో (లినక్స్ లోపలి ఫైర్‌వాల్ పట్టిక) తన రూల్స్ తను రాసుకుని ఆ పోర్టును బయటికి తెరిచేస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ చూస్తే మూసే ఉన్నట్టు కనబడుతుంది! రైతుల ఫోన్ నంబర్లు, అప్పులు ఉండే డేటాబేస్ అది. పాడ్‌మన్‌కు డీమనే లేదు, మామూలు యూజర్ కింద నడుస్తుంది. 2019లో తన లినక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ 8 తెచ్చినప్పుడు రెడ్ హ్యాట్ కూడా డాకర్‌ను పక్కనపెట్టి దీన్నే ఇచ్చింది.

అనంత అడ్మిన్: ఫైర్‌వాల్ మాట నిజమే. 127.0.0.1:5432:5432 అని (ముందున్నది సర్వర్‌కు తన లోపలి అడ్రసు) రాస్తే బయటికి తెరుచుకోదు. అసలు యాప్, డేటాబేస్ ఒకే కంపోజ్‌లో ఉంటే ఆ పోర్టు రాయాల్సిన పనే లేదు. రూట్‌లెస్ (రూట్ లేకుండా నడపడం) అంటావా, డాకర్‌లోనూ 20.10 వెర్షన్ నుంచి స్థిరంగా ఉంది. మరి నీ పాడ్‌మన్‌లో కరెంటు పోయొస్తే ఎవరు లేపుతారప్పా? యూజర్ లాగిన్ అయ్యేదాకా వాడి సర్వీసులు లేవవు.

కడప లినక్స్: లాగిన్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ యూజర్‌కు లింగర్ (లాగిన్ లేకున్నా సర్వీసులు నడవనిచ్చేది) ఎనేబుల్ చేసి, క్వాడ్‌లెట్ ఫైలు (కంటైనర్‌ను సర్వీసుగా రాసేది) రాస్తే లినక్స్‌లో సర్వీసులు చూసుకునే సిస్టమ్‌డీనే లేపుతుంది. క్వాడ్‌లెట్ పాడ్‌మన్ 4.4లో వచ్చింది, ఉబుంటు 24.04లో దొరికేది పాడ్‌మన్ 4.9. ఒక్క ఇబ్బంది ఉంది. 1024 కంటే తక్కువ పోర్టులు మామూలు యూజర్‌కు ఇవ్వరు. ముందు ఎన్‌జింక్స్ (వెబ్ సర్వర్) పెట్టి 8080 పోర్టుకు పంపుకోవాల.

కర్నూలు మండీ: సర్వర్‌లో లాగిన్ నాతో పాటు గుమాస్తాకూ ఉందన్నా.

కడప లినక్స్: అయితే ఆలోచించే పనే లేదు, పాడ్‌మన్ పెట్టు.

అనంత అడ్మిన్: గుమాస్తాకు సర్వర్ లాగిన్ ఎందుకు? బ్రౌజర్‌లో యాప్ తెరిస్తే చాలదా? ముందు అది తీసెయ్. డాకరే పెట్టేటట్టయితే డాకర్ సెట్టింగులుండే డీమన్ జేసన్ ఫైలులో లాగ్‌కు మ్యాక్స్-సైజ్, మ్యాక్స్-ఫైల్ రాసుకో. మామూలుగా దానికి హద్దు ఉండదు, పెరిగి పెరిగి డిస్కు నిండుతుంది. కంటైనర్లు పెట్టకముందే రాయి. పాతవాటికి అది వర్తించదు, తీసేసి మళ్లీ చేసుకోవాల్సిందే.