దడ వస్తే ఆస్పిరిన్: నరాలు శాంతిస్తాయా, మన భ్రమా?

పర్లాకిమిడి కుర్రాడు:
మా మావయ్యకి అరవై దాటాయి. స్టెంటు లేదు, గుండెపోటు రాలేదు, ఏ డాక్టరూ రాయలేదు. అయినా గుండె దడ అనిపిస్తే చాలు, ఎకోస్ప్రిన్ 75 (75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్ళ) ఒకటి మింగేస్తాడు. "నరాలు శాంతిస్తాయిరా, పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది" అంటాడు. మొన్న పాతపట్నం పెళ్ళికి వెళ్తూ దారంతా ఇదే గొడవ. అసలు ఆ బిళ్ళ నరాల మీద పనిచేస్తుందా?

గుణుపురం:
ఎందుకు పనిచేయదు? జ్వరంలో ఆస్పిరిన్ వేసుకుంటే ఒళ్ళంతా చెమట పట్టదా? చెమట పట్టించేవి మన చేతిలో లేని నరాలే కదా, స్వయంచోదిత నాడీ వ్యవస్థ అని ఇంటర్‌లో చదివాం. మీ మావయ్య మాట పూర్తిగా తప్పని నేననను.

బరంపురం, ఫార్మసీ:
చెమట నిజమే, దారి వేరు. జ్వరంలో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే పదార్థం మెదడులోని హైపోథాలమస్‌లో ఒంటి వేడి హద్దుని పైకి జరుపుతుంది. దాన్ని తయారుచేసే కాక్స్ అనే ఎంజైమ్‌ని ఆస్పిరిన్ ఆపేస్తుంది, హద్దు దిగుతుంది, అప్పుడు నరాలు వాటి పని అవి చేసి చెమట పట్టిస్తాయి. నరాలనే పట్టుకుని లాగేదైతే జ్వరం లేనివాడికీ ఒళ్ళు చల్లబడాలి, మామూలు మోతాదులో అలా జరగదు. ఈ ప్రోస్టాగ్లాండిన్ సంగతి 1971లో జాన్ వేన్ బయటపెట్టాడు, 1982లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు.

పైగా జ్వరానికి వేసేది 300 మిల్లీగ్రాములు, ఆ పైన. 75తో జరిగేది ముఖ్యంగా ప్లేట్‌లెట్ల దగ్గరే, అంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే చిన్న కణాల దగ్గర. వాటికి కేంద్రకం లేదు కాబట్టి ఆస్పిరిన్ పాడుచేసిన కాక్స్ బదులు కొత్తది చేసుకోలేవు, ఆ కణం బతికే వారం పది రోజులూ అంతే సంగతి. రక్తం "పల్చబడటం" అంటే నీళ్ళు కలిసినట్టు కాదు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడం తగ్గడం.

ఇంకోటి, ఆ బిళ్ళ పైపూత కడుపులో కరగదు, పేగులోకి వెళ్ళాక కరుగుతుంది. పది నిమిషాల్లో తేడా ఏటి, నమ్మకమే!

జయపురం:
ఇంకో తమాషా చెప్తా. గుండెని పరుగెత్తించే నరాలు సింపథెటిక్ నరాలు; వాటి కొసల్లో నోరడ్రినలిన్ అనే ఉరుకు పెట్టించే రసాయనం విడుదలకి ఆ ప్రోస్టాగ్లాండిన్ ఈ2 కొంత బ్రేకు వేస్తుందని జంతువుల అవయవాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ లెక్కన ఈ2ని ఆపితే బ్రేకు ఊడాలి, అంటే శాంతికి తిరగబడిన ఫలితం. 75తో మనిషిలో అంత జరుగుతుందని నేననడం లేదు గానీ, "శాంతి" వాదనకి మాత్రం ఇది సాయం రాదు. చెవి, మెదడు మీద సాలిసిలేట్ (ఒంట్లో ఆస్పిరిన్ మారే రూపం) గట్టిగా పనిచేసేది మోతాదు మించినప్పుడు: చెవుల్లో హోరు, ఆయాసంలా వేగంగా ఊపిరి. అది మందు కాదు, విషం ఎక్కడం.

గుణుపురం:
సరే, దారి వేరే అనుకుందాం. వేసుకుంటే నష్టమేంటి, చిన్న బిళ్ళే కదా?

రాయగడ:
మా నాన్న ఇలాగే సొంతంగా వేసుకుని, కడుపులో రక్తం కారి విరేచనం తారులా నల్లగా అయ్యేదాకా తెచ్చుకున్నారు. కడుపు లోపలి పొరని కాపాడేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. 2018లో వచ్చిన ఆస్ప్రీ పరిశోధనలో 19,114 మంది పెద్దవాళ్ళు, గుండెజబ్బు లేనివాళ్ళు, రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరినో ఉత్తుత్తి బిళ్ళో వేసుకున్నారు. గుండెకి చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. స్టెంటు వేసినవాళ్ళ సంగతి వేరు, ఇది చదివి వాళ్ళు ఆపేయకండి.

పర్లాకిమిడి కుర్రాడు:
పైపూత ముక్క చదివి వినిపించా. మావయ్య కాసేపు రేకు తిప్పి చూసి "మరి తగ్గింది కదరా" అన్నాడు. రేకు అత్తయ్య దాచేసింది. సోమవారం ఈసీజీకి తీసుకెళ్తున్నా.