హైవే మీదే ఎక్కువ తిరిగే జిమ్నీకి లిఫ్ట్ ఎంత వేయించాలి?

జీడితోట:

అందరికీ నమస్కారం అండీ. నాది 2023 మారుతి జిమ్నీ, ఐదు డోర్లది, మాన్యువల్. ఉద్యోగం విజయవాడలో. అమ్మానాన్న గోకవరం దాటాక రంపచోడవరం దారికి కాస్త లోపలగా ఉన్న ఊళ్లో ఉంటారు. శనివారం తెల్లారకముందే బయలుదేరి హనుమాన్ జంక్షన్, ఏలూరు మీదుగా హైవే పట్టుకుని, కొవ్వూరు దగ్గర గోదావరి దాటి గోకవరం వైపు వెళ్తాను. అంటే బండి తిరిగేది దాదాపు అంతా తారు రోడ్డు మీదే. మట్టి దారి చివర్లో కొద్ది కిలోమీటర్లు, మా జీడిమామిడి తోట దాకా.

ఇబ్బందంతా అక్కడే. ట్రాక్టర్లు తిరిగి తిరిగి చక్రాల గాడులు లోతుగా దిగిపోయాయి, మధ్యలో గట్టు మిగిలిపోయింది. వానలు పడ్డాక వెళ్తే బండి కింద గీసుకుంటున్న శబ్దం వస్తుంది. తోట ముందు చిన్న వాగు ఉంది, అవతలి ఒడ్డు ఎక్కేటప్పుడు కూడా ఒకసారి గట్టిగా తగులుతుంది.

అందుకే లిఫ్ట్ వేయించి, అంటే బండి ఎత్తు పెంచి, చూద్దామనుకుంటున్నాను. రాజమండ్రిలో ఒకాయన రెండంగుళాల స్పేసర్లు (స్ప్రింగుల దగ్గర పెట్టే దిమ్మలు) ఒక్క పూటలో వేసిస్తానంటున్నారు. నా ఫ్రెండ్ మూడంగుళాలు లేపి 235 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు పెట్టమంటున్నాడు. అమ్మకి మోకాళ్ల నొప్పి, ఇప్పుడే బండి ఎక్కాలంటే చెయ్యి అందించాలి. హైవే మీద లారీలను దాటేటప్పుడు స్టీరింగ్‌తో టెన్షన్ పడటం నాకిష్టం లేదు. ఏం చేయమంటారు?

కొండదారి:

మా పాత థార్‌కి ముందు టార్షన్ బార్లు బిగించి, వెనక కమాన్ కట్టలు మార్పించాం, రెండంగుళాలు లేచింది. ఏళ్లుగా పాడేరు ఘాట్‌లో తిరుగుతోంది, ఏ గొడవా లేదు. రెండంగుళాలు వేయించేయండి బ్రదర్. మూడు మాత్రం వద్దు.

కాకినాడ అలైన్‌మెంట్:

తమ్ముడూ, నాకు వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. లిఫ్ట్ వేయించుకున్నాక "అన్నా, బండి తిన్నగా పోవట్లేదు" అంటూ వచ్చే బళ్లను చూసేది నేనే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కొండదారి గారు చెప్పింది వాళ్ల బండికి నిజమే. పాత థార్‌లో ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. జిమ్నీలో ముందూ వెనకా రెండూ నిండు ఇరుసులు, వాటి మీద కాయిల్ స్ప్రింగులు. కాబట్టి లిఫ్ట్ ప్రభావం వేరుగా ఉంటుంది.

ముందు ఒక్క విషయం తేల్చుకో: కింద తగులుతున్నది ఏది? అది తెలియకుండా అంగుళాల గురించి మాట్లాడి లాభం లేదు. నువ్వు స్ప్రింగుల దగ్గర ఎంత లేపినా లేచేది ఛాసిస్, బాడీ. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది, దాని మధ్యలోని డిఫరెన్షియల్ హౌసింగూ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లుండే గుండు) అక్కడే ఉంటుంది. ఎడ్లబండి తొట్టి కింద దిమ్మలు పెట్టి ఎత్తితే ఇరుసు పైకి వస్తుందా? ఇదీ అంతే. కంపెనీ చెప్పే 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఆ హౌసింగ్ కింద కొలిచేది. గాడుల మధ్య గట్టుకు గీసుకునేది ఎక్కువగా అదే. దాన్ని పైకి తెచ్చేది టైరు ఒక్కటే.

టైరు లెక్క చూడు. నీ 195/80 ఆర్15 టైరు (వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 15 అంగుళాలు) మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 అయితే దాదాపు 704. ఆ తేడాలో సగమే ఇరుసుకు దక్కుతుంది, అంటే 5 మిల్లీమీటర్లు. 235/75 పెడితే 20 మిల్లీమీటర్లు వస్తాయి. కానీ ఆ టైరు బరువు ఎక్కువ, చుట్టుకొలత కూడా దాదాపు 6 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ ఇప్పటికన్నా అంత తక్కువ చూపిస్తుంది. నీది 105 పీఎస్ పెట్రోల్ ఇంజిన్. ఐదో గేర్‌లో లారీని దాటబోయి నాలుగుకో మూడుకో దిగాల్సి వస్తుంది. బ్రేక్ కూడా బరువుగా తోస్తుంది. తోటదారిలో 20 మిల్లీమీటర్ల కోసం విజయవాడ దాకా ఇదంతా భరించడం నాకు నచ్చదు.

ఇక స్టీరింగ్. పక్కనుంచి చూస్తే ముందు చక్రం మలుపు తిరిగే గీత కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది, దాన్నే క్యాస్టర్ అంటాం. నువ్వు స్టీరింగ్ వదిలితే అదంతట అది మధ్యకు రావడానికి కారణం ఆ వాలు. జిమ్నీ ముందు ఇరుసును రెండు పొడవాటి ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. బాడీని లేపగానే ఆ ఆర్మ్‌లు కిందికి వాలతాయి, వాటితోపాటు ఇరుసు కాస్త ముందుకు దొర్లుతుంది, క్యాస్టర్ తగ్గిపోతుంది. ఊళ్లో 40లో తిరిగితే ఏమీ తెలియదు. కొవ్వూరు వంతెన మీద పక్కగాలి కొట్టినప్పుడు, పక్కనుంచి బస్సు దూసుకెళ్లినప్పుడు తెలుస్తుంది. బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది, స్టీరింగ్‌ని క్షణం క్షణం సర్దుతూనే ఉండాలి. ఆ అలసట ఒక గంట తర్వాత భుజాల్లో కనపడుతుంది. దీన్ని సరిచేయడానికి ఆఫ్‌సెట్ బుష్‌లు (రంధ్రం పక్కకు జరిపి చేసినవి) గానీ, వేరే ఆర్మ్‌లు గానీ వేయాలి. స్పేసర్లు అమ్మేవాళ్లు ఆ మాట ఎత్తరు.

పాన్‌హార్డ్ రాడ్ ఇంకోటి. ఇరుసును పక్కలకు జరగకుండా పట్టేది అదే. లేపితే అది ఇరుసును కొద్దిగా ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ వీల్ వంకరగా నిలుస్తుంది. పొడవు సర్దే రాడ్ పెడితే సరిపోతుంది.

స్పేసర్ల మీద నాకు అసలు అభ్యంతరం ఇది: స్ప్రింగ్ ఎత్తు పెరుగుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాత పొడవే. చక్రం గుంతలోకి దిగగానే షాక్ చివరిదాకా సాగిపోయి టక్కుమంటుంది. బ్రేక్ గొట్టం కూడా లాగబడుతుంది. వెనక అమ్మ కూర్చుని ఉండగా ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఆలోచించు.

ఒక పని చెయ్యి. సున్నం కాస్త చిక్కగా కలిపి ముందూ వెనకా డిఫరెన్షియల్ హౌసింగ్‌కి, మధ్యలో గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఉండే పట్టీకి, రెండు బంపర్ల అడుగున పూయించు. సైలెన్సర్ గొట్టానికి వద్దు. ఆరాక తోటకి వెళ్లిరా. సున్నం ఎక్కడ చెరిగిందో చూసి ఇక్కడ రాయి.

పాలసీపత్రం:

నేను మోటారు బీమా క్లెయిములు చూస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది చేసిన సవరణతో 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. లిఫ్ట్ గానీ వేరే సైజు టైర్లు గానీ వేయించే ముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి, బీమా కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు రాతలో తెచ్చుకోండి. ఫోన్‌లో ఏజెంట్ "పర్లేదండీ" అన్న మాట ప్రమాదం జరిగాక పనికిరాదు.

జీడితోట:

అన్నగారూ, మీరు చెప్పినట్టే చేశాను. నాన్న దగ్గరుండి సున్నం పూయించారు. ముందు హౌసింగ్ మీద బాగా చెరిగిపోయింది, వెనకది కొంచెం. మధ్య పట్టీ మీద ఒకేచోట పెద్ద గీత ఉంది, అది వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు తగిలిందే. బంపర్లకు ఏమీ కాలేదు. పాలసీపత్రం గారూ, మీరు చెప్పింది నాకు తెలియదు, చాలా థాంక్స్ అండీ.

కాకినాడ అలైన్‌మెంట్:

అయితే తేలిపోయింది తమ్ముడూ. నీ ఇబ్బందిలో పెద్ద భాగం గట్టు. దానికి లిఫ్ట్ మందు కాదు. ఊళ్లో ఎవరిదైనా ట్రాక్టర్‌కి బ్లేడు తగిలించి ఆ గట్టు చెక్కించు, గాడుల్లో కంకర పోయించు. ఆ దారిలో తిరిగే మిగతా రైతులు కూడా ఖర్చులో కలుస్తారు. అప్పటిదాకా గాడుల్లోకి దిగకు. ఒక పక్క చక్రాలు గట్టు మీద, రెండో పక్కవి గాడి బయట అంచున పెట్టి నిదానంగా నడుపు.

వాగు దగ్గర తగిలేది మాత్రం లిఫ్ట్ తీర్చగలిగిన ఇబ్బందే. మూడు డోర్లదాని కన్నా నీ బండి వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 340 మిల్లీమీటర్లు ఎక్కువ, మొత్తం 2,590. అందుకే మధ్యలో పొట్ట తగులుతుంది. 40 మిల్లీమీటర్లు లేపితే 24 డిగ్రీల ర్యాంప్‌ఓవర్‌కి (పొట్ట తగలకుండా దాటగలిగే గట్టు కోణానికి) సుమారు 3 డిగ్రీలు కలుస్తాయి. కానీ ఒక్క ఒడ్డు కోసం అంత పని ఎందుకు? పారతో అంచు చెక్కి వాలు చేయించు, చక్రాలు పడేచోట రాళ్లు పేర్పించు.

టైర్లు అరిగినప్పుడు అదే సైజులో ఆల్ టెర్రెయిన్ (తారుకూ మట్టికీ పనికొచ్చేవి) దొరికితే అవి వేయించు. బురద దారి మొదట్లో గాలి 18 పీఎస్ఐకి దించు. ఇరుసు కాస్త కిందికి దిగుతుంది నిజమే, కానీ గట్టు చెక్కించాక దాంతో పనిలేదు, పట్టు మాత్రం బాగా పెరుగుతుంది. తారు ఎక్కేముందు డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్‌కి తప్పకుండా నింపు. లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్న కంప్రెసర్ చాలు.

ఎప్పటికైనా లిఫ్టే కావాలనిపిస్తే 40 దాటొద్దు. ఐదు డోర్లదానికే చేసిన స్ప్రింగులు, వాటికి సరిపోయే షాకులు, క్యాస్టర్ సరిచేసే సామాను, సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్లు కలిసి ఉన్న కిట్ తీసుకో. ఓల్డ్ మ్యాన్ ఎము లాంటి ఆస్ట్రేలియా కంపెనీల స్ప్రింగులు బరువును బట్టి రకరకాలుగా ఉంటాయి. స్టీలు బంపరు, వించ్ లాంటి అదనపు బరువులు లేని బండికి గట్టి స్ప్రింగ్ వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, అమ్మగారికి నరకం.

కొండదారి:

సున్నం సంగతి నాకూ కొత్తే అన్నా. మా థార్‌కి కూడా పూసి చూస్తా.

జీడితోట:

లిఫ్ట్ మానేశాను అండీ. గట్టు గురించి పక్క తోట వాళ్లతో నాన్న మాట్లాడారు, సగం ఇస్తామన్నారు. అన్నగారూ, అలైన్‌మెంట్ ఒకసారి చూపించమంటారా? ఇప్పుడు స్టీరింగ్ బానే ఉంది.

కాకినాడ అలైన్‌మెంట్:

చూపించు. బండి బాగున్నప్పుడే చూపించాలి. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే కాదు, రెండు పక్కలా క్యాస్టర్ కూడా కొలిచి ప్రింట్ తీసిమ్మను. ఆ కాగితం ఆర్సీతోపాటు పెట్టుకో. రేపు ఎప్పుడైనా స్ప్రింగులు మారిస్తే, ఆ అంకెకే తిరిగి తెచ్చి ఇమ్మని మెకానిక్‌ని అడగొచ్చు.