అప్‌డేట్: శని, ఆదివారాల్లోనే బతికున్నట్టు అనిపించడం గురించి

వారమంతా మరబొమ్మలా, సెలవు రెండు రోజులే మనిషిలా ఉంటున్నా, ఏం చేయాలని అడిగాను కదా. మీ సలహాల్లో నిలబడ్డవి ఇవి.

అసలు చిక్కు నిద్రలో ఉంది. పనిరోజుల్లో 12కి పడుకుని 6కి లేస్తే నిద్ర నడిమి వేళ 3. సెలవురోజు 2కి పడుకుని 10కి లేస్తే అది 6. తేడా 3 గంటలు, అంటే విమానమెక్కకుండానే జెట్‌లాగ్ (దూరదేశం వెళ్తే అక్కడి టైముకు ఒళ్లు అలవాటుపడక వచ్చే నిద్ర తికమక)! పరిశోధకులు 2006లో దీనికి పెట్టిన పేరూ సోషల్ జెట్‌లాగే. సోమవారం బద్ధకానికి ఆఫీసునొక్కదాన్నే తిట్టి లాభం లేదన్నమాట. సెలవురోజు లేవడం గంటకు మించి ఆలస్యం కానివ్వకూడదు. నిద్ర చాలకపోతే మధ్యాహ్నం 3 లోపు 20 నిమిషాల కునుకు, అదీ అలారం పెట్టుకుని. గంటన్నర లాగిస్తే ఆదివారం రాత్రి నిద్ర గోవిందా.

రెండోది, బుధవారం సాయంత్రం ఒక గంట ఇష్టమైన పనికి. ఇంటికెళ్లి బయల్దేరదామంటే సోఫా వదలదు. బ్యాగు పొద్దున్నే సర్దుకుని ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాలి. ఎవరికైనా వస్తానని మాటిచ్చి ఉంటే ఎగ్గొట్టడం కష్టం.

బట్టలు, సరుకుల పని గురువారానికి జరిపితే ఆదివారం తెరిపిగా ఉంటుంది. షిఫ్టులు మారేవాళ్లకు మాత్రం ఈ నిద్ర లెక్క కుదరదు.